జోరా ఆర్కస్-డంటోవ్

జోరా ఆర్కస్-డంటోవ్ (డిసెంబర్ 25, 1909 - ఏప్రిల్ 21, 1996) అమెరికాలో స్థిరపడిన ప్రసిద్ధ మోటారు వాహన ఇంజనీరు, పందెపు కార్ల చోదకుడు. జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన షెవ్రోలే విభాగంలో 1953 నుండి 1975 ఆరంభం వరకు పనిచేసి, కార్వెట్ అనే స్పోర్ట్స్ కారును ప్రపంచ ప్రసిద్ధమైన వాహనంగా తీర్చిదిద్దాడు. ఆ కారును మొదట రూపొందించినది ఈయన కాకపోయినా అభిమానులు ఈయననే "కార్వెట్ పిత"గా వ్యవహరిస్తారు. ఇంజను శక్తిని పెంచడంలో ఈయన చేసిన కృషి అందరికీ తెలిసినదే. అయితే శక్తి పెరిగిన కారును ఆపగల బ్రేకులను, రోడ్డును వదలకుండా పట్టి ఉంచగల సస్పెన్షన్‌ను సామాన్య కొనుగోలుదారునికి అందుబాటులోకి తేవడం ఈయన జీవితకాలపు ముఖ్యమైన కృషిగా చెప్పవచ్చును.

బాల్యము, విద్య

జోరా బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో జన్మించాడు. పుట్టినప్పటి పేరు జకారీ ఆర్కస్. తల్లిదండ్రులు రష్యాకు చెందిన యూదులు. తండ్రి జాక్ ఆర్కస్ గనుల ఇంజనీరు. తల్లి రాచెల్ అప్పటికి వైద్య విద్యార్థిని. తరువాత కుటుంబం స్వస్థలమైన సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు తిరిగి వెళ్ళింది. మొదటి ప్రపంచ యుద్ధం, 1917 నాటి రష్యా విప్లవం, ఆ వెంటనే వచ్చిన కరువు కాటకాల మధ్య ఈయన బాల్యం గడిచింది. తల్లిదండ్రులు విడిపోయిన తరువాత తల్లి జోసెఫ్ డంటోవ్ అనే ఇంజనీరుతో జీవితం పంచుకొన్నది. జోరా, అతని తమ్ముడు యూరా తమ కన్నతండ్రి పేరును వదులుకోకుండా దాని పక్కన డంటోవ్ అనే పేరును కూడా చేర్చుకొన్నారు. ఆర్కస్-డంటోవ్ అనే జంటపేరు ఆ విధంగా ఏర్పడింది.

చిన్నతనంలో జోరాకు ట్రాము బండి నడపాలని కోరిక ఉండేది. వయసు పెరిగేకొద్దీ ఆ కోరిక మోటారు సైకిళ్ళ మీదకు, కార్ల మీదకు మళ్ళింది. 1927లో కుటుంబం జర్మనీలోని బెర్లిన్‌కు తరలి వెళ్ళింది. అక్కడ ఈయన మొదట 350 సీసీ మోటారు సైకిలు నడిపాడు. దాని వలన ప్రమాదం జరుగుతుందని తల్లిదండ్రులు భయపడగా, దాని స్థానంలో "బాబ్" అనే చిన్న పందెపు కారు వచ్చింది. గుండ్రని పందెపు బాటల కోసం తయారైన ఆ కారుకు ముందు చక్రాలకు బ్రేకులే లేవు. వెనుక చక్రాల బ్రేకులు కూడా బలహీనంగా ఉండేవి. తరువాతి కాలంలో కార్ల బ్రేకుల చరిత్రలో చోటు సంపాదించుకొన్న వ్యక్తి నడిపిన మొదటి కారు ఇటువంటిది కావడం గమనించదగిన విషయం.

1934లో ఈయన బెర్లిన్‌లోని షార్లొటెన్‌బర్గ్ సాంకేతిక విశ్వవిద్యాలయం నుండి ఇంజనీరింగు పట్టా పొందాడు. ఇదే తరువాతి కాలంలో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయం అయింది. ఆ రోజులలోనే జర్మన్ మోటారు పత్రికలకు సాంకేతిక వ్యాసాలు వ్రాశాడు.

యుద్ధకాలము, అమెరికా ప్రయాణము

జర్మనీలో నాజీల పాలన బలపడిన తరువాత ఈయన ఫ్రాన్సు చేరుకొన్నాడు. 1939లో, రెండవ ప్రపంచ యుద్ధం మొదలవుతున్న సమయంలో, ఎల్ఫీ వోల్ఫ్ అనే జర్మన్ నర్తకిని వివాహమాడాడు. యుద్ధం ఆరంభం కాగానే అన్నదమ్ములిద్దరూ ఫ్రెంచి వైమానిక దళంలో చేరారు. 1940లో ఫ్రాన్సు లొంగిపోయినప్పుడు యూదుడైన జోరా ప్రాణాలకే ముప్పు ఏర్పడింది. మార్సేయ్ నగరంలోని స్పెయిన్ దౌత్య కార్యాలయం నుండి కుటుంబం మొత్తానికి అనుమతి పత్రాలు సంపాదించాడు. పారిస్‌లో ఉన్న ఎల్ఫీ, జర్మన్ సైన్యం నగరాన్ని సమీపిస్తుండగా, తమ చిన్న ఎం.జి. కారును స్వయంగా నడుపుకొంటూ బోర్డో వైపు తప్పించుకొన్నది. కుటుంబ సభ్యులు తిరిగి కలుసుకొని పోర్చుగల్ చేరి, అక్కడి నుండి ఓడలో న్యూయార్క్ నగరానికి వెళ్ళారు.

ఆర్డన్ కంపెనీ

న్యూయార్క్‌లో అన్నదమ్ములు తమ జంటపేరులోని అక్షరాలను కలిపి "ఆర్డన్" అనే కంపెనీని స్థాపించారు. యుద్ధకాలంలో సైన్యానికి అవసరమైన విడిభాగాలు తయారుచేసి ఈ కంపెనీ బాగా అభివృద్ధి చెందింది. సుమారు 300 మంది అందులో పనిచేసేవారు.

యుద్ధానంతరం ఈ కంపెనీ ఫోర్డ్ వి-8 ఇంజనుకు అల్యూమినియంతో కొత్త సిలిండర్ హెడ్లను తయారుచేసింది. 1932 నుండి వాడుకలో ఉన్న ఆ ఇంజనులో వాల్వులు సిలిండర్ల పక్కన ఉండేవి. బరువు లాగే లారీలలో అది త్వరగా వేడెక్కిపోయేది. ఆర్డన్ హెడ్లలో వాల్వులను సిలిండర్ల పైకి మార్చి, ఇంధనం మండే గదిని అర్ధగోళాకారంలో మలచారు. దీనివలన ఇంజను శక్తి ఎంతో పెరిగింది. లారీల కోసం ఉద్దేశించిన ఈ హెడ్లను పాత కార్లకు మెరుగులు దిద్దే యువకులు పందెపు కార్లకు బిగించుకొన్నారు. ఆర్డన్ తరువాత నష్టాలపాలై మూతపడినా, పాత వాహనానికి కొత్త భాగాన్ని అమర్చి దాని సామర్థ్యాన్ని పెంచే విద్య జోరాకు ఇక్కడే పట్టుబడింది.

కంపెనీ మూతపడిన పిదప ఈయన ఇంగ్లండు వెళ్ళి అలార్డ్ స్పోర్ట్స్ కార్ల సంస్థలో పనిచేశాడు. 1952, 1953 సంవత్సరాలలో ఫ్రాన్సులో జరిగే లె మాన్ 24 గంటల పందెంలో అలార్డ్ కార్లు నడిపాడు.

షెవ్రోలేలో ప్రవేశము

1953 జనవరిలో న్యూయార్క్‌లో జరిగిన మోటారామా ప్రదర్శనలో ఈయన కార్వెట్ నమూనాను మొదటిసారి చూశాడు. జనరల్ మోటార్స్ రూపకల్పన విభాగాధిపతి హార్లీ ఎర్ల్ ఆలోచన నుండి పుట్టిన కారు అది. దాని రూపం ఈయనను ఆకట్టుకొన్నది కాని లోపలి యంత్రభాగాలు నిరాశ కలిగించాయి. షెవ్రోలే చీఫ్ ఇంజనీరు ఎడ్ కోల్‌కు ఉత్తరం వ్రాస్తూ, కారు గరిష్ట వేగాన్ని లెక్కకట్టే విధానంపై తాను వ్రాసిన సాంకేతిక పత్రాన్ని కూడా జతచేశాడు. 1953 మే 1వ తేదీన సహాయ ఇంజనీరుగా షెవ్రోలేలో చేరాడు. సస్పెన్షన్ శాస్త్రంలో ఆ తరానికి పెద్దగా పేరుపొందిన మారిస్ ఆలీ అక్కడ ఈయనకు పై అధికారి. వీరిద్దరికీ అంతగా పొసగలేదు.

తొలి కార్వెట్ పైకి అందంగా ఉన్నా లోపల చాలావరకు మామూలు షెవ్రోలే కారే. 6 సిలిండర్ల 150 అశ్వశక్తి ఇంజను, రెండే గేర్లు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, వెనుక కమాను కట్టలతో బిగించిన ఒకే ఇరుసు ఉండేవి. 1953లో 300 కార్లు మాత్రమే తయారయ్యాయి. 1954లో 3,640 తయారైనా వాటిలో చాలా కార్లు అమ్ముడుపోలేదు. 1955లో తయారైనవి 700 మాత్రమే. కంపెనీ పెద్దలు ఈ కారును ఆపివేయాలనే ఆలోచనలో ఉన్నారు.

1953 డిసెంబర్‌లో ఈయన యువతను, పాత కార్లను వేగవంతం చేసుకొనే ఔత్సాహికులను గురించి కంపెనీ అధికారులకు ఒక లేఖ సమర్పించాడు. యువకులు ఎలాగూ తమ కార్లను మార్చుకొంటారు కనుక, వారికి అవసరమైన నాణ్యమైన భాగాలను కంపెనీయే తయారుచేసి అమ్మాలన్నది ఆ లేఖ సారాంశం. ఆ తరువాత రెండు దశాబ్దాలపాటు ఈయన చేసిన పనికి ఈ లేఖ పునాది అయింది.

సమస్య స్వరూపము

డంటోవ్ కృషిని అర్థం చేసుకోవడానికి బ్రేకులు, సస్పెన్షన్ పనిచేసే తీరు కొంత తెలియవలసి ఉంటుంది.

కదిలే వాహనంలోని గతిజశక్తి దాని వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు అవుతుంది. కారును ఆపడమంటే ఈ శక్తినంతటినీ బ్రేకులలో వేడిగా మార్చి గాలిలోకి వదలడమే. కనుక ఇంజనును మార్చి వేగం పెంచిన కారుకు పాత బ్రేకులే ఉంచితే అవి తట్టుకోలేవు.

డ్రమ్ము బ్రేకులో చక్రంతో పాటు తిరిగే డొల్లవంటి ఇనుప డ్రమ్ము లోపలి గోడలకు రెండు బ్రేకు షూలు ఒత్తుకొంటాయి. పదే పదే బ్రేకు వేసినప్పుడు డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి షూల నుండి దూరంగా జరుగుతుంది. పెడలును ఇంకా లోపలికి తొక్కవలసి వస్తుంది. షూల మీది లైనింగు కూడా వేడికి పట్టు కోల్పోతుంది. వేడి బయటకు పోవడానికి మార్గం తక్కువ. తిరుమల వంటి ఘాట్ రోడ్లలో దిగువకు వచ్చే బస్సులను డ్రైవర్లు బ్రేకు మీదే ఆధారపడకుండా తక్కువ గేరులో నడపడానికి కారణం ఈ వేడియే. డిస్కు బ్రేకులో తిరిగే పళ్ళాన్ని రెండు వైపుల నుండి ప్యాడ్లు నొక్కుతాయి. పళ్ళెం గాలికి తెరచి ఉంటుంది కనుక త్వరగా చల్లబడుతుంది. వేడికి అది మందమైనా ప్యాడ్ల వైపుకే జరుగుతుంది కాని దూరం కాదు.

ఇక సస్పెన్షన్ పని రెండు విధాలు. ప్రయాణికులకు కుదుపు తగలకుండా చూడడం ఒకటి, చక్రం నేలను వదలకుండా చూడడం రెండవది. స్ప్రింగులు లేని ఎద్దుబండిలో ప్రతి గుంతా బండి మొత్తానికి తెలుస్తుంది. గుంటూరు మిర్చి యార్డుకు బస్తాలు మోసుకొచ్చే లారీలకు ఉన్నట్టి కమాను కట్టలు బరువును చక్కగా మోస్తాయి. కాని రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉన్నప్పుడు ఒక చక్రం గుంతలో పడితే రెండవ చక్రం కూడా ఒరుగుతుంది. నేలను వదిలిన చక్రం లాగలేదు, మళ్ళలేదు, ఆగలేదు కూడా. అందుచేత ఎంత మంచి బ్రేకు ఉన్నా సస్పెన్షన్ సరిగా లేకపోతే ప్రయోజనం ఉండదు. ఈ రెండింటినీ విడదీయకుండా కలిపి చూడడం డంటోవ్ పద్ధతి.

లె మాన్ పందెములు

షెవ్రోలేలో ఉద్యోగం చేస్తూనే ఈయన 1954, 1955 సంవత్సరాలలో లె మాన్‌లో పోర్షే 550 కారు నడిపి, రెండుసార్లూ 1100 సీసీ తరగతిలో విజయం సాధించిన జట్టులో ఉన్నాడు.

1955 జూన్ 11న జరిగిన పందెం మోటారు క్రీడల చరిత్రలోనే అత్యంత విషాదకరమైనది. ఒక జాగ్వార్ కారు విశ్రాంతి స్థానం వద్ద ఆగడానికి వేగం తగ్గించగా, దాని వెనుక వస్తున్న ఆస్టిన్-హీలీ పక్కకు తప్పుకొన్నది. అత్యంత వేగంతో వస్తున్న పియర్ లెవే మెర్సిడెస్ కారు దానిని ఢీకొని గాలిలోకి లేచి ప్రేక్షకుల మధ్య పడింది. లెవేతో పాటు 80 మందికి పైగా ప్రేక్షకులు మరణించారు. అప్పటికి జాగ్వార్ కార్లకు డిస్కు బ్రేకులు ఉన్నాయి. మెర్సిడెస్ మాత్రం డ్రమ్ము బ్రేకులతో పాటు గాలిని అడ్డగించే పలకను వాడేది. ఒకే బాటలో వివిధ స్థాయిలలో ఆగగల వాహనాలు కలిసి పరుగెత్తిన కాలమది. ఆ పందెంలో స్వయంగా కారు నడిపినవారిలో డంటోవ్ ఒకడు.

ఆప్షన్ 684, పందెములపై నిషేధము

1955లో కార్వెట్‌కు వి-8 ఇంజను వచ్చింది. 1956 ఆరంభంలో డేటోనా సముద్రతీరంలో డంటోవ్ స్వయంగా కార్వెట్‌ను గంటకు 150 మైళ్ళకు (సుమారు 241 కిలోమీటర్లు) పైగా వేగంతో నడిపాడు. ఇందుకోసం ఈయన రూపొందించిన క్యామ్ షాఫ్టు "డంటోవ్ క్యామ్" అనే పేరుతో స్థిరపడింది. 1957లో ఇంధనాన్ని చిమ్మే ఏర్పాటుతో ఇంజను శక్తి 283 అశ్వశక్తికి చేరింది. తొలి కార్వెట్‌తో పోలిస్తే నాలుగేళ్ళలో శక్తి దాదాపు రెండింతలైంది.

అదే 1957లో ఆప్షన్ 684 అనే సంఖ్యతో ఒక ప్రత్యేక అమరికను కంపెనీ అమ్మకానికి పెట్టింది. గట్టి స్ప్రింగులు, పెద్ద షాక్ అబ్జార్బర్లు, ముందువైపు లావైన నిలకడ కడ్డీ, త్వరగా తిరిగే స్టీరింగు, వేడిని వెదజల్లే రెక్కలున్న బ్రేకు డ్రమ్ములు, పింగాణీ-లోహ మిశ్రమపు లైనింగులు, డ్రమ్ములకు చల్లగాలి అందించే గొట్టాలు ఇందులో ఉండేవి. ఆ సంవత్సరం 51 కార్లకు మాత్రమే దీనిని బిగించారు. సంఖ్య చిన్నదే అయినా, పందెపు కారుకు కావలసిన బ్రేకులు, సస్పెన్షన్ ఒక సాధారణ దుకాణంలో చీటీ మీద సంఖ్య వ్రాసి కొనుక్కొనే వీలు దీనితో కలిగింది.

అదే సంవత్సరం మార్చిలో ఫ్లోరిడాలోని సెబ్రింగ్ 12 గంటల పందెంలో ఈయన రూపొందించిన కార్వెట్ ఎస్.ఎస్. పాల్గొన్నది. మెగ్నీషియం పలకల దేహంతో, ఉక్కు గొట్టాల చట్రంతో తయారైన ఆ తేలిక కారు బ్రేకుల ఇబ్బందులతో సతమతమై, వెనుక సస్పెన్షన్‌లోని బుష్ చెడిపోవడంతో 23 చుట్ల తరువాత పందెం నుండి వైదొలగింది. లోపాలు సరిదిద్దుకొనే అవకాశం మళ్ళీ రాలేదు. 1957 జూన్‌లో అమెరికా మోటారు వాహన ఉత్పత్తిదారుల సంఘం సభ్య కంపెనీలు పందెములలో పాల్గొనరాదని తీర్మానించింది. జనరల్ మోటార్స్ ఈ తీర్మానానికి కట్టుబడింది.

కంపెనీ నేరుగా పందెములలో దిగకూడదు కాని కొనుగోలుదారులు దిగవచ్చును. ఈ వెసులుబాటును డంటోవ్ పూర్తిగా ఉపయోగించుకొన్నాడు. 1960లో బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ జట్టు కార్వెట్లతో లె మాన్‌లో పాల్గొనగా ఒక కారు తన తరగతిలో మొదటి స్థానం, మొత్తం మీద 8వ స్థానం పొందింది.

స్టింగ్ రే

1963లో వచ్చిన కార్వెట్ స్టింగ్ రే డంటోవ్ కృషికి పరాకాష్ఠ. దీనికి వెనుకవైపు ఒకే ఇరుసు తొలగించి, రెండు చక్రాలూ దేనికది కదిలే స్వతంత్ర సస్పెన్షన్‌ను అమర్చారు. చక్రాలకు శక్తిని అందించే కడ్డీలే సస్పెన్షన్‌లో పై చేతులుగా కూడా పనిచేసేవి. స్ప్రింగుగా, అడ్డంగా అమర్చిన తొమ్మిది రేకుల కమాను కట్టను వాడారు. విడి భాగాలు తగ్గి ఖర్చు అదుపులో ఉండటం ఈ ఏర్పాటులోని నేర్పు. బరువైన వెనుక డిఫరెన్షియల్ చట్రానికి బిగించి ఉండటం వలన చక్రాలతో పాటు ఎగిరిపడే బరువు తగ్గి, చక్రం నేలను అంటిపెట్టుకొని ఉండేది.

అదే సంవత్సరం జడ్-06 అనే ఆప్షన్ వచ్చింది. గట్టి స్ప్రింగులు, పెద్ద షాక్ అబ్జార్బర్లు, రెక్కల డ్రమ్ములు, లోహపు పొడిని కాల్చి చేసిన లైనింగులు, రెండు అరల మాస్టర్ సిలిండరు ఇందులో ముఖ్యమైనవి. ముందు, వెనుక చక్రాలకు వేర్వేరు బ్రేకు గొట్టాలు ఉండటం వలన ఒకటి చెడినా రెండవది పనిచేస్తుంది. ఆ సంవత్సరం తయారైన 21,513 కార్వెట్లలో 199 కార్లకు మాత్రమే ఈ ఆప్షన్ ఉన్నది.

ఇదే కాలంలో గ్రాండ్ స్పోర్ట్ అనే తేలికపాటి పందెపు కార్వెట్లను 125 తయారుచేయాలని ఈయన తలపెట్టాడు. 1963 ఆరంభంలో జనరల్ మోటార్స్ యాజమాన్యం నిషేధాన్ని మరింత గట్టిగా అమలుచేయడంతో అయిదింటితోనే పని నిలిచిపోయింది.

రూపశిల్పి బిల్ మిచెల్‌తో ఈయనకు తరచు వాదోపవాదాలు జరిగేవి. 1963 కారు వెనుక అద్దాన్ని రెండుగా చీల్చిన పట్టీ చోదకుని చూపుకు అడ్డమని డంటోవ్ అభ్యంతరం చెప్పాడు. 1964లో ఆ పట్టీని తొలగించారు.

డిస్కు బ్రేకులు

1965 మోడల్ కార్వెట్‌కు నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు మామూలు అమరికగా వచ్చాయి. ప్రతి క్యాలిపర్‌లో నాలుగు పిస్టన్లు, గాలి ప్రసరించడానికి లోపల ఖాళీలున్న డిస్కులు ఉండేవి. కొత్త బ్రేకులు వద్దనుకొన్నవారికి 64.50 డాలర్లు తగ్గించి పాత డ్రమ్ము బ్రేకులతోనే కారు ఇచ్చేవారు. ఆ సంవత్సరం తయారైన 23,500కు పైగా కార్లలో అలా తీసుకొన్నవి 316 మాత్రమే. అదే సంవత్సరం 425 అశ్వశక్తి గల పెద్ద ఇంజను కూడా ఈ కారుకు వచ్చింది. శక్తితో పాటే ఆపే సామర్థ్యమూ అదే ఏడాది పెరిగింది.

మజిల్ కార్లపై ప్రభావము

1964లో పాంటియాక్ జి.టి.ఓ. కారుతో అమెరికాలో "మజిల్ కార్ల" యుగం ఆరంభమైందని చెబుతారు. మధ్యరకం కారులో పెద్ద వి-8 ఇంజను బిగించి తక్కువ ధరకు అమ్మడం వీటి లక్షణం. 325 అశ్వశక్తి గల తొలి జి.టి.ఓ.కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు 1967లో గాని, అదీ ఆప్షన్‌గా గాని రాలేదు. 1967 షెవ్రోలే కమారోకు వెనుక ఒంటి రేకు కమానులు ఉండేవి. వేగంగా కదిలించినప్పుడు వెనుక చక్రాలు ఎగిరిపడేవి. 1968లో శక్తివంతమైన కమారోలకు అనేక రేకుల కమాను కట్టలు ఇచ్చారు. 1969లో కార్వెట్ తరహా నాలుగు చక్రాల డిస్కు బ్రేకులు కమారోకు ఆప్షన్‌గా వచ్చినా, వాటిని ఎంచుకొన్నవారు 206 మంది మాత్రమే. డబ్బు ఇంజనుకు పెట్టినంత ఉత్సాహంగా బ్రేకులకు పెట్టేవారు తక్కువ.

ఈ కార్లను నేటికీ పదిలపరచుకొని నడిపేవారు మొదట చేసే మార్పులు సాధారణంగా ఇవే: ముందు డ్రమ్ముల స్థానంలో డిస్కులు, రెండు అరల మాస్టర్ సిలిండరు, లావైన నిలకడ కడ్డీలు, కొత్త బుష్‌లు, మంచి షాక్ అబ్జార్బర్లు. 1957 నాటి ఆప్షన్ 684, 1963 నాటి జడ్-06, 1965 నాటి డిస్కు బ్రేకుల జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మార్పులలో అధికభాగం అక్కడే కనిపిస్తాయి.

పదవీ విరమణ, మరణము

ఇంజనును చోదకుని వెనుక, కారు మధ్యలో అమర్చితే బరువు సమంగా పంపిణీ అవుతుందని డంటోవ్ గట్టిగా నమ్మాడు. ఇందుకోసం 1960 నుండి అనేక ప్రయోగాత్మక వాహనాలు నిర్మించాడు. ఖర్చు అధికమని కంపెనీ వాటిని ఉత్పత్తికి అంగీకరించలేదు. 1975 ఆరంభంలో ఈయన పదవీ విరమణ చేయగా డేవ్ మెక్లెలన్ ఆ స్థానంలోకి వచ్చాడు. మధ్య ఇంజను గల కార్వెట్ 2020 మోడల్‌గా మార్కెట్లోకి వచ్చింది. అప్పటికి డంటోవ్ మరణించి రెండు దశాబ్దాలు దాటింది.

విరమణ తరువాత కూడా కార్వెట్ యజమానుల సమావేశాలకు తరచు హాజరయ్యేవాడు. 1996 ఏప్రిల్ 21న డెట్రాయిట్‌లో తన 86వ ఏట మరణించాడు. ఈయన చితాభస్మాన్ని కెంటకీ రాష్ట్రం బౌలింగ్ గ్రీన్‌లోని జాతీయ కార్వెట్ మ్యూజియంలో భద్రపరచారు. తరువాత భార్య ఎల్ఫీ చితాభస్మాన్ని కూడా అక్కడే ఉంచారు.

విశేషాలు

• డంటోవ్ నడిపిన మొదటి కారుకు ముందు బ్రేకులు లేవు. ఆయన తీర్చిదిద్దిన 1965 కార్వెట్‌కు నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు ఉన్నాయి.
• 1955లో కొలరాడోలోని పైక్స్ పీక్ కొండదారిలో షెవ్రోలే కారును స్వయంగా నడిపి తన తరగతిలో కొత్త రికార్డు నెలకొల్పాడు.
• 1963లో ప్రవేశపెట్టిన జడ్-06 అనే గుర్తును షెవ్రోలే 2001లో మళ్ళీ వాడుకలోకి తెచ్చింది.